చెదలు తినని డెన్మార్క్

డెన్మార్క్ ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే నాకు ఈరోజుకీ కాస్త వెతుకులాటే. కానీ రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ఏ ఇంటి హాల్లో, ఏ గోడకి డెన్మార్క్ వేలాడుతోందో అడిగితే తడుముకోకుండా చెబుతాను. చాలావరకు నేను వేలాడదీసినవే.

ముప్పై ఎనిమిదేళ్లు బొమ్మలు వేసి బతికాను. సొంత బొమ్మలు కాదు, ఇంకొకరు వేసినవి చూసి వేసేవి. మా వ్యాపారంలో దాన్ని కాపీ అనకూడదు, ఆయిల్ పెయింటింగ్ అనాలి. కిందటేడు కుడిచేతి బొటనవేలు బ్రష్షు పట్టుకోనని మొరాయించింది కాబట్టి మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి ఏ రంగులు కొనాలి, ఏ బ్రష్షులు కొనాలి అని అడుగుతుంటారు. అవి కొట్టువాడు చెబుతాడు. కొట్టువాడు చెప్పనివి కొన్ని ఉన్నాయి, అవి రాస్తున్నాను. నాకు జరిగిన సన్మానాల గురించి రాయను. ఆ శాలువాలు బొమ్మ నిలబెట్టే ఈజిల్ మీద దుమ్ము పడకుండా కప్పడానికి పనికొచ్చాయి. అంతవరకు నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి.

మా సిలబస్

మా గురువు వీర్రాజు గారు రాజమండ్రిలో సినిమా బ్యానర్లు వేసేవారు. హీరో బుగ్గ మీద గులాబీ రంగు ఎంత పడాలో ఆయనకు తెలిసినంతగా ఆ హీరోకి కూడా తెలియదు. చిన్న ఫొటో మీద గళ్లు గీసి, అవే గళ్లు నలభై అడుగుల గుడ్డ మీద గీసి, ఒక్కో గడిని పెంచుకుంటూ పోవడం మా పద్ధతి. నేను మొదటి రెండేళ్లూ గళ్లే గీశాను. తర్వాత పదేళ్లకు పైగా చెవులు వేశాను. మొహం దాకా వచ్చేసరికి ఫ్లెక్సీలు వచ్చాయి, మా బతుకు రోడ్డున పడింది.

అప్పుడే ఒకరోజు వీర్రాజు గారు యానాం వెళ్లారు. అందరూ వెళ్లే పని మీదే వెళ్లారు. మందు సీసాల కొట్టు పక్కన ఏదో ఫ్రెంచివాళ్ల కాలంనాటి ఇల్లు ఖాళీ చేస్తూ పుస్తకాలు బయట పడేస్తుంటే, సీసాల మధ్య పగలకుండా అడ్డుపెట్టడానికి ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకున్నారు. తీరా చూస్తే అది యూరప్ చిత్రకారుల బొమ్మల పుస్తకం. రాతంతా ఫ్రెంచిలో ఉంది. సీసాలు ఖాళీ అయ్యాయి, పుస్తకం అటకెక్కింది.

రెండు వానాకాలాల తర్వాత దించి చూస్తే చెదలు పట్టాయి. ఇటలీ పూర్తిగా పోయింది. ఫ్రాన్స్‌లో మనుషులున్నారు, తలల్లేవు. హాలెండ్‌లో ఒక ఆవు మిగిలింది. డెన్మార్క్ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ పేజీల కాగితం మీద ఏదో నున్నటి పూత ఉంది, అది చెదలకు రుచించలేదు.

"ఒరేయ్, ఇంక మన సిలబస్ ఇదేరా. చెదలు పాస్ చేసిన సిలబస్సు," అన్నారు వీర్రాజు గారు.

గోదావరి జిల్లాల్లో కొత్తగా డబ్బొచ్చి, ఇళ్లు కట్టి, పెద్ద పెద్ద గోడలు చూసి బెంగపడుతున్నవాళ్లకి మేం డెన్మార్క్ అమ్మడం మొదలుపెట్టిన కథ ఇది. ఇందులో కళాభిరుచి ఏమీ లేదు. పెద్ద పెద్ద కాలేజీల్లో సిలబస్సులు ఇంతకంటే శ్రద్ధగా తయారవుతాయని మీరు అనుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఫ్రెంచి రాదు కాబట్టి ఆ చిత్రకారులకి మేమే పేర్లు పెట్టుకున్నాం. ఈ మధ్య మా మనవరాలు ఫోనులో వెతికి వాళ్ల అసలు పేర్లు చదివి వినిపించింది. నాకు నోరు తిరగలేదు. మా పేర్లతోనే కానిస్తాను.

విగ్గులాయన

అన్నిటికంటే ముందు పేజీలు రాజుల కాలానివి. రెండు మూడు వందల ఏళ్ల కిందటి దొరలు తెల్ల విగ్గులు, పట్టు కోట్లు వేసుకుని, రొమ్ము మీద నక్షత్రం పతకం పెట్టుకుని, పక్కన కుక్కతో నిలబడి ఉంటారు. మొహాలన్నీ దాదాపు ఒకటే. పట్టు మాత్రం, చెయ్యి వేస్తే జారిపోతుందేమో అన్నట్టు ఉంటుంది.

పెద్దాపురం దగ్గర ఒక రైస్ మిల్లు యజమాని వాళ్ల తాతగారి బొమ్మ వేయమన్నారు. చేతిలో ఉన్నది బొటనవేలంత ఫొటో. అందులో తాతగారికి చొక్కా లేదు, కండువా మాత్రం ఉంది. "అలా గోడకెక్కిస్తే ఏం బాగుంటుందండి, కాస్త నిండుగా ఉండాలి," అన్నారాయన.

వీర్రాజు గారు పుస్తకం తెరిచారు. "మొహం తాతగారిది వెయ్యి, మిగతాది డెన్మార్క్‌ది వెయ్యి," అన్నారు. వేశాను. తాతగారు నీలం పట్టు కోటులో, నక్షత్రం పతకంతో, కుక్కతో సహా తయారయ్యారు. విగ్గు ఒక్కటీ ఇంటివాళ్లు వద్దన్నారు, తాతగారికి జుట్టు బాగానే ఉండేదట.

మరిడమ్మ జాతరకి చుట్టాలొచ్చి చూసి, ఏ రాజు దగ్గర పనిచేశారని అడిగారట. ఇంటివాళ్లు ఏదో చెప్పారట. మూడేళ్ల తర్వాత నేను ఫ్రేము బాగుచేయడానికి వెళ్తే, ఆ తాతగారిని విదేశీ మహారాజు పిలిచి సత్కరించాడన్న సంగతి ఇంట్లో చిన్నపిల్లలకి కూడా కంఠతా వచ్చు. నాకే కూర్చోబెట్టి చెప్పారు. నేను శ్రద్ధగా విన్నాను.

ఇందులో మిల్లు యజమానిని తప్పు పట్టకండి. ఆ దొరల బొమ్మలు వేసిన విగ్గులాయన తన కాలంలో చేసిందీ ఇదే. దొర మొహం ఉన్నంతలో వేసి, దొరతనాన్ని పట్టుబట్టల్లోంచి తెచ్చేవాడు. చిత్రకళ చరిత్రలో సగం దర్జీ పనే అని నా అభిప్రాయం.

కడియంలో వాపసు వచ్చిన బొమ్మ

ఆ తర్వాత పేజీల్లో కొలబద్దాయన, ఆయన శిష్యులు ఉంటారు. చిన్న చిన్న బొమ్మలు. పడవ తాళ్లు ఎన్ని ఉంటే అన్నీ లెక్కగా వేస్తారు. కిటికీలోంచి ఎండ ఎంత మేర నేల మీద పడిందో స్కేలు పెట్టి కొలిచినట్టు ఉంటుంది. వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేదు. అమ్ముడుపోయినవి మాత్రం రెండే. చిన్న బొమ్మ అంటే మావాళ్లకి చిన్నచూపు.

వాళ్ల తర్వాత పొలాలాయన. ఆయన రైతుల బొమ్మలు వేశాడు. ఒక దాంట్లో పండిన చేలో ఒకడు నిలబడి కోత కోస్తుంటాడు. కడియంలో పెద్ద నర్సరీ ఉన్న సత్తిబాబు గారు ఆ బొమ్మ అడిగారు. ఆ మనిషి చేతిలో బారెడు కర్రకి బిగించిన పొడుగాటి కత్తి ఉంది. అలాంటిది ఇక్కడ ఎవరు చూశారు, అర్థం కాదేమో అనుకుని, తెలివిగా దాని బదులు మన కొడవలి పెట్టాను. చేను కూడా వరిచేను చేశాను.

వారం తిరక్కుండా బొమ్మ వాపసు వచ్చింది. వెనకే సత్తిబాబు గారు మోటారు సైకిల్ మీద వచ్చారు.

"కొడవలి మార్చారు గానీ నడుం మార్చలేదేంటండి? ఇంత పొట్టి కొడవలి పట్టుకుని ఇలా నిటారుగా నిలబడితే వీడు గాలిని కోస్తాడండి."

పుస్తకం తెచ్చి అసలు బొమ్మ చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. "ఆయ్, ఇదీ సంగతి. ఈ మనిషికి పని వచ్చండి. కాళ్లు చూడండి ఎలా పెట్టాడో. ఈ బొమ్మ వేసినాయన కూడా చేలో దిగే ఉంటాడు. మీరెప్పుడైనా దిగారా?" అని అడిగారు.

దిగలేదని ఒప్పుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్లలో నా బొమ్మని అంత బాగా విమర్శించినవాళ్లు ఇంకొకరు లేరు. విమర్శ అనగానే మీరు పట్నాల్లో సెమినార్లకి పరుగెత్తకండి, ముందు బొమ్మలో ఉన్న పని తెలిసినవాళ్లకి చూపించండి.

పుస్తకం చివరి పేజీలు ఈ కాలానికి దగ్గరవి. ఎర్ర కళ్లు, పచ్చ నోళ్లు, గీకినట్టు గీతలు. పెద్దవాళ్లు పట్టుబట్టి చిన్నపిల్లల్లా వేసిన బొమ్మలు. వాటిని ఎవరూ కొనరనుకున్నాం. ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు కరస్పాండెంటు ఆరు కొన్నారు. వెళ్లి చూస్తే ఆఫీసు గదిలో, "మా ఎల్‌కేజీ విద్యార్థుల ప్రతిభ" అని బోర్డు కింద పెట్టి ఉన్నాయి. అడ్మిషన్లు బాగా పెరిగాయని విన్నాను.

సుభద్రమ్మ గారి గది

ఇప్పుడు అసలు తప్పు గురించి రాస్తాను. మిగతావి నవ్వుకుని మర్చిపోయేవి. ఇది అలాంటిది కాదు.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ఒక రాజు గారు కొత్త ఇల్లు కట్టారు. అప్పటికి వీర్రాజు గారు పోయారు, షాపు, పుస్తకం నాకు మిగిలాయి. రాజు గారు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, బట్టల షాపులో చీరలు ఎంచినట్టు పేజీకో వేలు పెట్టుకుంటూ పోయారు. హాలుకి ఎండాయన వేసిన సముద్రపు బొమ్మ ఎంచారు. ఎండాయన, ఆయన స్నేహితులు ఊరి చివర సముద్రపొడ్డున చేరి, జాలర్లనీ, ఇసుక మీద నడిచే ఆడవాళ్లనీ, పొద్దుగూకే నీలాన్నీ వేశారు. ఆ నీలం కలపడం నాకు ఆరు నెలలు పట్టింది.

"నీళ్లు మరీ ఊరికే ఉన్నాయండి. మా చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు ఓ నాలుగు వెయ్యండి," అన్నారు రాజు గారు. వేశాను. డెన్మార్క్ సముద్రంలో నాలుగు ఏరేటర్లు ఈరోజుకీ తిరుగుతున్నాయి.

అన్నీ అయ్యాక ఆయన మర్యాదకి లోపలికి కేకేసి, "మీకేమైనా కావాలేమో చూసుకోండి," అన్నారు. ఆయన భార్య సుభద్రమ్మ గారు వచ్చారు. యాభై దాటిన మనిషి. కూర్చోకుండా, నిలబడే పేజీలు తిప్పారు. బూడిదాయన దగ్గర ఆగారు.

బూడిదాయన ఎప్పుడూ ఖాళీ గదులు వేశాడు. గోడ, తలుపు, కిటికీ, ఒక టేబులు. రంగంటూ ఏమీ ఉండదు, అంతా బూడిద వెలుతురు. కొన్నిటిలో నల్ల గౌను వేసుకున్న ఒకావిడ మనకి వీపు పెట్టి నిలబడి ఉంటుంది. ఏం చేస్తోందో తెలియదు. మెడ మాత్రం కనిపిస్తుంది. నేను పుస్తకం చేతపట్టినప్పటి నుంచీ ఆ పేజీని ఎవరూ అడగలేదు.

"ఇది నా గదిలోకి వెయ్యండి," అన్నారు సుభద్రమ్మ గారు, వీపు పెట్టి నిలబడ్డావిడ బొమ్మ మీద వేలు పెట్టి. వంటింటి పక్కన చిన్న గది. మధ్యాహ్నం పనయ్యాక కాసేపు కూర్చోవడానికి ఆవిడ కట్టించుకున్నది. ఇంటి మొత్తంలో ఆవిడ అడిగి పెట్టించుకున్నవి ఆ గది, ఈ బొమ్మ.

ఆ బొమ్మ మీద నేను రెండు నెలలు పనిచేశాను. నలుపు డబ్బా ముట్టుకోలేదు. నీలంలో కావిరంగు కలిపి, తెలుపు వేసి, ఇరవై రకాల బూడిద తీశాను. నేను చేసినవాటిలో అదే మంచిది. ఇంకో వారంలో పూర్తవుతుందనగా రాజు గారు ఫోను చేశారు.

"ఆర్టిస్టు గారూ, సిద్ధాంతి గారు ఇల్లు చూడ్డానికొచ్చారండి. గదిలోకి ఏ బొమ్మ వస్తుందో చెప్పాను. ఆడమనిషి వీపు తిప్పి నిలబడితే లక్ష్మి వెళ్లిపోతున్నట్టేనట. ఆవిణ్ణి ఇటు తిప్పండి."

"సుభద్రమ్మ గారు అలా అడిగారండి..."

"ఆవిడకి నేను చెబుతాలెండి. గృహప్రవేశం దగ్గరపడింది."

తిప్పాను. మంచి కళగల మొహం వేశాను. బొట్టు పెట్టాను. చేతులు ఖాళీగా ఉంటే బాగుండదని కాఫీ గ్లాసులున్న పళ్లెం ఇచ్చాను. బూడిద కూడా మరీ దిగులుగా ఉందని కాస్త పసుపు కలిపాను. ఆర్డరు ఇచ్చినాయన చెప్పాడు, నేను చేశాను, ఇందులో తప్పేముందని నాకు నేను చెప్పుకున్నాను. మీరూ చెప్పుకుంటారు. అలా చెప్పుకోవాల్సి వచ్చిందంటే తప్పు జరిగిపోయిందన్నమాట.

గృహప్రవేశం రోజు బొమ్మ గదిలో బిగించి నేను పక్కన నిలబడ్డాను. సుభద్రమ్మ గారు పట్టుచీరలో, చేతిలో తాంబూలం పళ్లెంతో వచ్చారు. బొమ్మని చూశారు. బొమ్మలో ఆవిడ కాఫీ పళ్లెం చాపి ఈవిణ్ణి చూస్తోంది.

"ఈవిడ వేరే మనిషండి," అన్నారు.

"రాజు గారు చెప్పారండి, సిద్ధాంతి గారు..."

"నన్నడగలేదేంటండి?"

ఆవిడ గొంతు పెంచలేదు. "మా ఇంట్లో పొద్దున లేచిందగ్గర్నుంచీ అందరూ నాకేసే చూస్తారండి. ఏదో ఒకటి కావాలనే చూస్తారు. నాకేసి చూడని మనిషి ఒక్కరుంటే బాగుణ్ణని ఆ బొమ్మ అడిగాను. మీరు ఆవిడ చేతికి కూడా కాఫీలు ఇచ్చేశారు," అన్నారు.

ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో నేను నిజంగా సిగ్గుపడ్డది ఆ ఒక్క నిమిషమే.

ఆవిడ అక్కడితో ఆగలేదు. తిన్నగా భోజనాల దగ్గరికి వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను. సిద్ధాంతి గారు పూర్ణం బూరె మీద నెయ్యి వేయించుకుంటున్నారు, రాజు గారు దగ్గరుండి వడ్డిస్తున్నారు. సుభద్రమ్మ గారు చాలా వినయంగా అడిగారు.

"సిద్ధాంతి గారూ, నాకో చిన్న సందేహమండి. లక్ష్మీదేవి మన ఇంట్లోకి వచ్చేటప్పుడు వాకిట్లో నిలబడి చూసేవాళ్లకి ఏం కనపడుతుందండి?"

సిద్ధాంతి గారు బూరె నములుతూ ఆలోచించారు. "వీపే కనపడుతుందమ్మా," అన్నారు.

"అయితే వీపు కనపడితే వెళ్లిపోతున్నట్టా, వస్తున్నట్టా అండి?"

ఆయన ఇంకో బూరె వేయించుకున్నారు. ఆ బూరె అయ్యేసరికి శాస్త్రం మారింది. "ప్రవేశం అని భావన చేస్తే శుభప్రదమేనమ్మా," అన్నారు. రాజు గారు నాకేసి తిరిగి, "ముందే ఈ ముక్క చెప్పొచ్చు కదండి," అన్నారు. నాకే తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి.

బొమ్మ మళ్లీ మొదటి నుంచి వేశాను. పళ్లెం లేదు, పసుపు లేదు. సుభద్రమ్మ గారు చూసి, "ఆయ్, ఈవిడేనండి," అన్నారు. గోడకి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. నా తప్పు దిద్దుకున్నానని సంబరపడుతూ బస్సెక్కాను.

లక్ష్మీ ప్రవేశం

సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. ఆ ఏడు రొయ్య బాగా పలికింది. ఎందువల్ల పలికిందో చెరువుల వాళ్లకి తెలుసు. సిద్ధాంతి గారు మాత్రం బొమ్మ వల్లే అన్నారు. ఆయన వెళ్లిన ప్రతి ఇంట్లో "లక్ష్మీ ప్రవేశ చిత్రం" ఒకటి పెట్టమని చెప్పడం మొదలుపెట్టారు. రాజు గారి అన్నదమ్ములకి ఒక్కొక్కటి, వియ్యంకులకి ఒకటి. తణుకు, పాలకొల్లు, అమలాపురం నుంచి ఆర్డర్లు. బూడిద రంగు దిగులని ఎర్ర పట్టుచీర కట్టించమన్నారు, జడ వేయించమన్నారు, జడలో కనకాంబరాలు పెట్టించమన్నారు. అన్నీ చేశాను. బూడిదాయన ఎక్కడున్నాడో గానీ, ఆయన జీవితమంతా వేసిన వీపుల కంటే నేను ఆ రెండేళ్లలో వేసిన వీపులే ఎక్కువ అయి ఉంటాయి. నా బొటనవేలు అరిగింది అక్కడే.

ఒకరోజు సుభద్రమ్మ గారు ఫోను చేశారు. "ఒకసారి రండి ఆర్టిస్టు గారూ. సుత్తి, మేకులు తెచ్చుకోండి," అన్నారు.

వెళ్లేసరికి ఆవిడ గది నిండా జనం. మొదటి బొమ్మ, అసలు బొమ్మ అని చూడ్డానికి వస్తున్నారట. ఇద్దరు ఆడవాళ్లు బొమ్మ పక్కన తామూ వీపు తిప్పి నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. సుభద్రమ్మ గారు వంటింట్లో వాళ్లందరికీ కాఫీలు కలుపుతున్నారు.

"నా కుర్చీ హాల్లో పెట్టేశారండి. ఫొటోలకి అడ్డం వస్తోందట," అన్నారు.

వచ్చినవాళ్లు వెళ్లాక ఆవిడ నన్ను గదిలోకి తీసుకెళ్లారు. "దీన్ని తిప్పెయ్యండి."

"మళ్లీ మొహం వెయ్యమంటారా అండి?"

"మొహం వద్దు. బొమ్మనే తిప్పెయ్యండి. గోడకేసి."

ఈసారి నేను ఇంకెవర్నీ అడగలేదు. బొమ్మ దించి, వెనకున్న కొక్కేలు పీకి ముందువైపు కొట్టి, తిప్పి తగిలించాను. ఇప్పుడు కనిపిస్తున్నది ముతక గుడ్డ, చెక్క చట్రం, మేకుల వరస. నా జీవితంలో గోడకెక్కించిన బొమ్మల్లో, ఆ గదిలో కూర్చునేవాళ్లు కోరినట్టు ఎక్కినది అదొక్కటే. మీరు ఎవరి గోడకి పని చేసినా, ఆర్డరు ఇచ్చినవాళ్లని పక్కన పెట్టి, ఆ గదిలో ఎవరు కూర్చుంటారో వాళ్లని అడగండి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే.

సుభద్రమ్మ గారు హాల్లోంచి కుర్చీ తనే మోసుకొచ్చి వేసుకుని కూర్చున్నారు. అప్పుడే రాజు గారు వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. "ఇదేంటండి? లక్ష్మి ఏది?" అన్నారు.

ఆవిడ వెనక్కి తిరక్కుండానే చెప్పారు.

"లోపలికి వచ్చేసిందండి. ఇంకా వాకిట్లోనే నిలబడి ఉంటుందా?"

రాజు గారు తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు.